తాటిచెట్టు లైసెన్సు నుంచి స్వతంత్ర పార్టీ దాకా

1967 ఉపఎన్నికలో శ్రీకాకుళం లోక్‌సభ స్థానం నుంచి గెలిచింది ఆ జిల్లా మనిషి కాదు. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టి, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో పాఠాలు చెప్పి రాజకీయాల్లోకి వచ్చిన ఆచార్య ఎన్.జి. రంగా. స్వతంత్ర పార్టీకి ఆయన వ్యవస్థాపక అధ్యక్షుడు. పర్మిట్లు, లైసెన్సులు, కోటాల రాజ్యం పోవాలని, ఆస్తి హక్కు జోలికి ప్రభుత్వం రాకూడదని ఎలుగెత్తిన పార్టీ అది. అలాంటి పార్టీ నాయకుడిని పార్లమెంటుకు పంపిన నియోజకవర్గం బొంబాయిలోనో అహ్మదాబాదులోనో ఉంటే ఆశ్చర్యపడనక్కర్లేదు. కానీ ఇది కొబ్బరితోటలు, జీడితోటలు, ఇసుక దిబ్బలు, చిన్న కమతాల శ్రీకాకుళం.

అదే ఏడాది అక్టోబరు 31న, అదే జిల్లా ఏజెన్సీ అంచున లేవిడి దగ్గర సభకు వెళుతున్న గిరిజనుల మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. శ్రీకాకుళ గిరిజనోద్యమం సాయుధ పోరాటంగా మారిన మలుపు ఇక్కడే అని ఆ చరిత్ర రాసినవాళ్ళందరూ చెబుతారు. ఆస్తి హక్కునే జెండాగా కట్టుకున్న పార్టీ, ఆ హక్కు పునాదినే పెకలించాలన్న ఉద్యమం ఒకే జిల్లాలో ఒకే ఏడాది తలెత్తాయి. రెండో కథ తెలుగు పాఠకులకు బాగా తెలుసు. మొదటి కథ రంగా శిష్యుడు సర్దార్ గౌతు లచ్చన్న జీవితంలో ఒక ఘట్టంగా మాత్రమే మిగిలిపోయింది. అంతకు మించిన పరిశీలన దానికి దక్కాలని నా అభిప్రాయం.

ఆర్థిక ఉదారవాదం, అంటే వ్యాపారం మీదా సేద్యం మీదా ప్రభుత్వ పెత్తనం తగ్గాలనే ధోరణి, తన కాళ్ళ మీద తాను నిలబడి అధికారంలోకి వచ్చిన సందర్భాలు ప్రపంచంలోనే తక్కువ. ఎప్పుడూ ఏదో ఒక పెద్ద సంప్రదాయవాద పక్షంలో ఒక వర్గంగా బతుకుతూ వచ్చింది. ఫ్రాన్సు దీనికి చక్కని తార్కాణం. అక్కడ 1949లో ఏర్పడిన స్వతంత్రుల జాతీయ కేంద్రంలో 1951లో రైతు పక్షం వాళ్ళు కలిశారు. పార్టీ పేరులోనే స్వతంత్రులూ రైతులూ పక్కపక్కన చేరారు. ఆ పార్టీకి చెందిన ఆంత్వాన్ పినే 1952లో ప్రధాని అయ్యాడు. పది సంవత్సరాల తర్వాత ద గాల్‌ను సమర్థించాలా వ్యతిరేకించాలా అన్న తగాదాలో పార్టీ చీలింది. ద గాల్ వైపు నిలిచిన చీలికకు జిస్కార్ దెస్తాన్ నాయకుడై, 1974లో అధ్యక్ష పదవి దాకా ఎగబాకాడు. ఆ వారసత్వంలోనే మార్కెట్ స్వేచ్ఛను అందరికన్నా గట్టిగా వినిపించిన అలెన్ మాదెలెన్ 2002 అధ్యక్ష ఎన్నికల్లో సొంతంగా నిలబడితే నాలుగు శాతం ఓట్లు కూడా రాలేదు. ఆ ఏడాదే ఆయన పార్టీ షిరాక్ పెద్ద పక్షంలో కలిసిపోయింది.

రంగా, లచ్చన్నల రాజకీయ ప్రయాణం కూడా ఇలాగే నడిచింది. కాంగ్రెస్‌లో పుట్టారు, బయటికొచ్చి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు, మళ్ళీ కాంగ్రెస్‌లో చేరారు, మళ్ళీ బయటికొచ్చి స్వతంత్ర పార్టీ కట్టారు. చివరికి ఒకరు కాంగ్రెస్ గూటికి, మరొకరు జనతా గూటికి చేరారు. పోలిక ఇంతవరకే. పారిస్‌లో ఆ ధోరణి వెనక నాణెం విలువ, బడ్జెట్ లోటు, బంగారం లాంటి చర్చలుండేవి. శ్రీకాకుళం తీరపు తోటల ప్రాంతం ఉద్దానంలో దాని వెనక ఉన్నవి ఒక అడవి, ఒక చెట్టు, ఒక పట్టా.

అడవితో మొదలుపెట్టాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ప్రాంతాలు గంజాం జిల్లాలో ఉండేవి. తర్వాత విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం వేరే జిల్లా అయింది. జిల్లాలు మారినా రైతు నెత్తిన జమీందారు మారలేదు. మందస, టెక్కలి, పర్లాకిమిడి ఎస్టేట్లలో రైతుకు శిస్తు ఒక బాధ, అడవి మరో బాధ. నాగలికీ ఇంటికప్పుకూ కర్ర కావాలన్నా, వంటచెరకు కావాలన్నా, పశువు మేయాలన్నా ఎస్టేటు అనుమతి ఉండాలి. ఆంధ్ర రైతు సంఘం 1937–38లో మద్రాసు దాకా సాగించిన రైతు రక్షణ యాత్రకు ఇచ్ఛాపురాన్ని ఆరంభస్థానంగా ఎంచుకోవడం వెనక ఈ నేపథ్యం ఉంది.

1940 మార్చి చివర్లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. దానికి అధ్యక్షుడిగా ఎన్నికైనవాడు రాహుల్ సాంకృత్యాయన్. 1936లో లక్నోలో కిసాన్ సభ పుట్టినప్పుడు దాని నిర్మాతల్లో రంగా ఒకరు. ఆ ఏడాది చివర ఫైజ్‌పూర్ సభకు అధ్యక్షుడూ ఆయనే. పలాస సభ ముగిసి వారం తిరగకముందే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు జరిగాయి. ఎస్టేటు అడవిలో కర్ర కొట్టారని రైతుల్ని అరెస్టు చేసి తీసుకుపోతుంటే ఊరి జనం అడ్డం తిరిగారు. వాళ్ళ ముందు నిలబడింది సాసుమాను గున్నమ్మ. కాల్పుల్లో ఆమెతో పాటు మరికొందరు నేలకొరిగారు. వీరగున్నమ్మ పేరును కమ్యూనిస్టులు తమదంటారు, రంగా అనుయాయులు తమదంటారు. ఇద్దరి మాటా నిజమే. ఆ రోజుకి కిసాన్ సభ ఇంకా చీలలేదు. జమీందారు పోవాలన్న దగ్గర అందరిదీ ఒకే మాట. జమీందారు పోయాక భూమి ఎవరిది కావాలి అన్న దగ్గరే దారులు వేరయ్యాయి.

రంగా జవాబు స్పష్టం. భూమి దున్నే రైతు కుటుంబానిది. రైతు కూలివాడూ కాడు, పెట్టుబడిదారూ కాడు. సొంత కష్టం మీద బతికే స్వయంవృత్తిదారు. ఈ సిద్ధాంతాన్నే నిడుబ్రోలు రైతాంగ విద్యాలయంలో వందలాది యువకులకు ఆయన బోధించారు. కార్మికవర్గ నాయకత్వంలో రైతు నడవాలన్న కమ్యూనిస్టుల మాట ఆయనకు మింగుడు పడలేదు. కొన్నేళ్ళకే కిసాన్ సభకు దూరమయ్యారు. లచ్చన్న ఆయన వెంట నిలిచారు.

లచ్చన్న 1909 ఆగస్టు 16న సోంపేట దగ్గర బారువలో కల్లుగీత కుటుంబంలో పుట్టారు. ఉప్పు సత్యాగ్రహం నాటికి ఇరవై ఏళ్ళ కుర్రాడు. ఆ తీరంలో ఉప్పు అంటే గాంధీగారు దండి నుంచి తెచ్చిన కొత్త విషయం కాదు. టెక్కలి పక్కన నౌపడ కొటార్లు చూస్తూ పెరిగినవాళ్ళకు ప్రభుత్వ గుత్తాధిపత్యం అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇంకా దగ్గరి అనుభవం ఇంట్లోనే ఉంది. అబ్కారీ చట్టం కింద మద్రాసు రాష్ట్రంలో ఒక తాటిచెట్టును గీయాలంటే ముందు చెట్టు పన్ను కట్టాలి. అప్పుడు ఆ చెట్టుకు నంబరు వేస్తారు, లైసెన్సు ఇస్తారు. కల్లు అమ్మే దుకాణానికి వేరే పాట. గీత కార్మికుడు మోకు కట్టుకుని, కత్తులూ లొట్టీ నడుముకు తగిలించుకుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెట్టెక్కి గెలను పలచగా చెక్కాలి. ఒకటి రెండు రోజులు వదిలేస్తే గెల ఎండి కల్లు దిగడం ఆగిపోతుంది. కాబట్టి లైసెన్సు కాగితం కచేరీలో నాలుగు రోజులు ఆలస్యమైతే పోయేది ఆ నాలుగు రోజుల రాబడి మాత్రమే కాదు, ఆ గెలే పోతుంది. స్వతంత్ర పార్టీ స్థాపకుల్లో ఒకరైన రాజాజీ 1959 తర్వాత పర్మిట్ల రాజ్యం మీద చేసిన ప్రసంగాలు పరిశ్రమల వాళ్ళను ఉద్దేశించినవే. వాటి సారం బారువ గీత కార్మికుడికి తాతల నాటి నుంచీ ఎరుకే.

ఇక్కడే ఈ కథలోని పెద్ద విచిత్రం ఉంది. మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధానికి నాంది పలికింది ఆ రాజాజీయే. ప్రధానిగా 1937 అక్టోబరులో సేలం జిల్లాలో మొదలుపెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948 నాటికి నిషేధం రాష్ట్రమంతా పాకింది. కల్లును సారాతో ఒకే గాటన కట్టి నిషేధించడంతో గీత కులాల పొయ్యి ఆరిపోయింది. ప్రత్యామ్నాయంగా చూపిన తాటిబెల్లం సహకార సంఘాలు ఆ ఆదాయానికి సాటిరాలేదు. ఉద్దానంలో తాటిచెట్టు ఎవరి భూమిలో ఉన్నా గీసేవాడి జీవనాధారం. చెట్టు అక్కడే ఉంది, పని తెలిసిన మనిషీ ఉన్నాడు, తాగేవాళ్ళూ ఉన్నారు. మధ్యలో చట్టం వచ్చి నిలబడింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక లచ్చన్న గీత సత్యాగ్రహం నడిపారు. సత్యాగ్రహులు నిషేధాన్ని ధిక్కరించి చెట్లెక్కి కల్లు గీశారు, జైళ్ళకు వెళ్ళారు.

టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం నిషేధం పనితీరును పరిశీలించమని ఎస్.వి. రామమూర్తి కమిటీ వేసింది. నిషేధం ఎత్తివేయమని కమిటీ సిఫారసు చేసింది. ప్రభుత్వం ఆ సిఫారసును అమలు చేయలేదు. 1954 నవంబరులో కర్నూలు శాసనసభలో అవిశ్వాస తీర్మానం మీద ప్రకాశం ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. కృషికార్ లోక్ పార్టీ సభ్యులూ కమ్యూనిస్టులూ ఆ రోజు ఒకే వైపు ఓటేశారు. ఆ 1954లోనే ఫ్రాన్సులో మెండెస్ ఫ్రాన్స్ ప్రభుత్వం పండ్లతోటల రైతులు పన్ను లేకుండా ఇంటి దగ్గర సారా కాచుకునే పాత హక్కు మీద చేయి వేసి పల్లెల ఆగ్రహం చవిచూసింది. ఆ ప్రభుత్వం తర్వాత కొద్ది నెలలకు పడిపోయింది, అయితే ఉత్తరాఫ్రికా వ్యవహారం మీద. కర్నూలులో మాత్రం ఓటింగుకు దారితీసింది కల్లే.

కృషికార్ లోక్ పార్టీ సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1951లో ఆంధ్ర ప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో నీలం సంజీవరెడ్డి చేతిలో ఓడిపోయిన తర్వాత రంగా బయటికి వచ్చి ఆ పార్టీ పెట్టారు. 1952 మద్రాసు శాసనసభలో దానికి 15 స్థానాలు దక్కాయి. 1955 మధ్యంతర ఎన్నికల్లో కమ్యూనిస్టుల్ని ఆపడానికి కాంగ్రెస్‌తో ఐక్య సంఘటన కట్టి 22 గెలుచుకుంది. మూడు నెలల కిందట కమ్యూనిస్టులతో కలిసి ప్రభుత్వాన్ని పడగొట్టినవాళ్ళే ఇప్పుడు కాంగ్రెస్‌తో కలిసి కమ్యూనిస్టుల్ని 15 స్థానాలకు కుదించారు. బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలో లచ్చన్న మంత్రి అయ్యారు. అవకాశవాదం అని ఆనాటి కమ్యూనిస్టు పత్రికలు తిట్టిపోసి ఉంటాయి, సందేహం లేదు. కానీ చెట్టు దగ్గర ప్రభుత్వంతో, పొలం దగ్గర కమ్యూనిస్టులతో పేచీ ఉన్నవాడికి రెండు మైత్రులూ ఒకే లెక్కలో ఇముడుతాయి.

పట్టా సంగతి ఇక్కడ వస్తుంది. 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయి రైత్వారీ వచ్చింది. మందస, టెక్కలి రైతులు తరాల పోరాటం తర్వాత నేరుగా సర్కారుకు శిస్తు కట్టే పట్టాదారులయ్యారు. ఈ పట్టా చేతికొచ్చి పదేళ్ళు నిండకముందే, 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ భూగరిష్ఠ పరిమితి పెట్టాలనీ, భవిష్యత్తు సేద్యం ఉమ్మడి సహకార పద్ధతిలో ఉండాలనీ తీర్మానించింది. భూమి మీద హక్కు రైతుకే ఉంటుంది, కాని పొలాలన్నీ కలిపి సాగుచేస్తారు. పంటలో భూమికి తగ్గ వాటా, పనికి తగ్గ వాటా ఇస్తారు. కాగితం మీద ఇందులో భయపడాల్సిందేమీ లేదు. కానీ అప్పుడే జమీందారు కచేరీ నుంచి బయటపడిన రైతుకు ఇది ఇంకో కచేరీలా కనబడింది.

ఉద్దానం లాంటి తోటల ప్రాంతంలో ఈ భయానికి అదనపు కారణం ఉంది. ఏటా దున్ని విత్తే వరిచేను గట్లు చెరిపి కలపడం ఊహించవచ్చు. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆ ఇసుక నేలలో నుయ్యి తవ్వి, కుండలతో నీళ్ళు మోసి పెంచిన చెట్టు కొడుకులకూ మనవలకూ ఆస్తి. ఆ చెట్టును ఉమ్మడి చేయమనడం ఆ పెంపకంలోని ఏళ్ళను ఉమ్మడి చేయమనడమే. ఉద్దానంలో సొంత ఆస్తి భావన అంత గట్టిగా పాతుకోవడానికి పార్టీ ప్రచారం కన్నా తోట స్వభావమే పెద్ద కారణమని నేననుకుంటాను.

అప్పటికి రంగా కాంగ్రెస్ పార్లమెంటరీ పక్షం కార్యదర్శి. నాగపూర్ తీర్మానంతో రాజీనామా చేసి బయటికొచ్చారు. 1959 జూన్ 4న మద్రాసులో స్వతంత్ర పార్టీ ప్రకటన వెలువడింది. ఆగస్టు మొదట్లో బొంబాయిలో సన్నాహక మహాసభ జరిగింది. రాజాజీ ఆలోచన, మినూ మసానీ నిర్వహణ, రంగా అధ్యక్షత. లచ్చన్న వెంటనే అందులో చేరారు. మద్యనిషేధ పితామహుడూ గీత సత్యాగ్రహ నాయకుడూ ఒకే పార్టీలో ఎలా ఇమిడారన్న ప్రశ్నకు సమాధానం ఆ పార్టీ నియమాల్లోనే ఉంది. 21 మౌలిక సూత్రాల పరిధిలోకి రాని ఏ విషయంలోనైనా సభ్యులు తమ మనస్సాక్షి ప్రకారం మాట్లాడవచ్చు, ఓటెయ్యవచ్చు. భారత రాజకీయాల్లో అంతటి వెసులుబాటు ఇచ్చిన పార్టీ అరుదు. బలహీనతకూ అదే కారణం అయింది.

ఎందుకంటే ఆ పార్టీలో రెండు వేర్వేరు ఉదారవాదాలు ఉన్నాయి. మసానీది బొంబాయి ఉదారవాదం. పరిశ్రమకు లైసెన్సు అక్కర్లేదు, పోటీ ఉండాలి, ధరలు మార్కెట్టే తేల్చాలి అంటుంది. రంగాది రైతు ఉదారవాదం. భూమి జోలికి రావద్దు, సహకార సేద్యం వద్దు, కానీ పంటకు గిట్టుబాటు ధర మాత్రం ప్రభుత్వం చూడాలి, చౌక వడ్డీకి అప్పు ఇప్పించాలి అంటుంది. రంగా జీవితమంతా గిట్టుబాటు ధర కోసం పోరాడారు. పుస్తకాల లెక్కన చూస్తే ఆయన అరకొర ఉదారవాది. కానీ ఓట్లు తెచ్చింది ఆ అరకొరదే. మొదటిదానికి ఉద్దానంలో శ్రోతలు ఎవరు?

పార్టీకి ఓటేసినవాళ్ళను చూస్తే వైరుధ్యం ఇంకా పెరుగుతుంది. ఇచ్ఛాపురం దాటి ఒరిస్సాలో అడుగుపెడితే స్వతంత్ర పార్టీ అంటే మాజీ సంస్థానాధీశుల గణతంత్ర పరిషత్ కలిసిన పార్టీ. 1967లో అక్కడ ముఖ్యమంత్రి అయిన ఆర్.ఎన్. సింగ్‌దేవ్ బొలాంగీర్–పాట్నా రాజవంశీకుడు. రాజస్థాన్‌లో జైపూర్ మహారాణి గాయత్రీదేవి ఆ పార్టీ నాయకురాలు. బీహార్‌లో రామ్‌గఢ్ రాజా. సోంపేటలో మాత్రం మందస జమీందారుతో పోరాడినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. దేశమంతటా రాజుల పార్టీగా పేరుపడ్డ నక్షత్రం గుర్తును ఈ తీరంలో జమీందారీ వ్యతిరేక ఉద్యమం మోసింది. చరిత్రకారులు స్వతంత్ర పార్టీని భూస్వాముల, సంస్థానాధీశుల కూటమి అని ఒక్క వాక్యంలో తేల్చేసేటప్పుడు ఈ మూలను చూడరు.

1962లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో స్వతంత్ర పార్టీకి 19 స్థానాలు వచ్చాయి, 1967లో 29. లోక్‌సభలో దేశం మొత్తం మీద 18 నుంచి 44కు పెరిగింది. ఈ రెండు ఎన్నికల మధ్యలో రంగా పార్లమెంటులో చేసిన పెద్ద పోరాటం పదిహేడో రాజ్యాంగ సవరణ మీద. 1964 నాటి ఆ సవరణ రాజ్యాంగంలోని ఎస్టేటు నిర్వచనంలోకి రైత్వారీ భూములను కూడా చేర్చింది. సీలింగు చట్టాలకు కోర్టుల నుంచి రక్షణ కల్పించడం దాని ఉద్దేశం. సీలింగు లోపల స్వయంగా సాగుచేసుకునే భూమి తీసుకుంటే మార్కెట్ ధర చెల్లించాలన్న షరతు కూడా అందులో ఉంది, ఆ మాట రంగా అనుయాయులు పెద్దగా ప్రస్తావించరు. అయినా ఎస్టేటు పీడ వదిలించుకున్న మందస రైతు పదహారేళ్ళకు చట్టరీత్యా తానే ఎస్టేటుదారు అయ్యాడన్నది వేదిక మీద ఎంత పదునైన వాదనో ఊహించుకోవచ్చు. 1962లో తెనాలిలో ఓడి, చిత్తూరు ఉపఎన్నికలో గెలిచి లోక్‌సభకు వెళ్ళిన రంగా, 1967లో ఉపఎన్నికకు సురక్షితమైన చోటు వెతుక్కుంటూ శిష్యుడి జిల్లాకు వచ్చారు. గీత కులాలు, చిన్న పట్టాదారులు, కాంగ్రెస్ మీద విసిగినవాళ్ళు ఆయనను గెలిపించారు. శాసనసభలో లచ్చన్న స్వతంత్ర పక్షానికి నాయకుడయ్యారు.

ఇక లేవిడి. మైదానంలో ఆస్తి హక్కుకు భద్రత కావాలని అడుగుతుంటే, కొండ మీద సమస్య తిరగబడి ఉంది. అక్కడ భూమి స్వేచ్ఛగా చేతులు మారడమే గిరిజనుడి కొంప ముంచింది. ఉప్పుకో బట్టకో షావుకారు దగ్గర అప్పు, అప్పుకు వడ్డీ, వడ్డీ కింద పంట, చివరికి పొలం. ఇష్టపడి చేసుకున్న ఒప్పందాలే కదా అని ఏ ఉదారవాద గ్రంథమైనా అడుగుతుంది. ఆ ఇష్టం ఎలాంటిదో ప్రభుత్వానికి కూడా తెలుసు కాబట్టే 1917 నుంచి ఏజెన్సీలో భూబదలాయింపు మీద ఆంక్షలున్నాయి. స్వతంత్ర పార్టీ పుట్టిన 1959లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధన ఒకటి తెచ్చింది, 1970లో దాన్ని ఇంకా బిగించింది. అమలు మాత్రం కాగితాల మీదే నిలిచింది. 1968 చివర్లో ఉద్యమం కొండ దిగి ఉద్దానంలోకి వచ్చింది. బొడ్డపాడుకు చెందిన పంచాది కృష్ణమూర్తి, ఆ ఊరి గుడిలో పూజారిగా ఉంటూ జముకులకథ చెప్పిన సుబ్బారావు పాణిగ్రాహి దాని నాయకులు. ఇద్దరూ 1969లో పోలీసుల చేతిలో చనిపోయారు.

బొడ్డపాడు పలాసకు కూతవేటు దూరం. 1940లో కిసాన్ సభ కూడిన చోటుకు అంత దగ్గరలో, ఆ సభ అడగకుండా వదిలిన ప్రశ్న ముప్పై ఏళ్ళకు తుపాకీ పట్టుకుని వచ్చింది. భూమి లేనివాడికి రంగా సిద్ధాంతంలో చోటు ఎక్కడ? స్వయంవృత్తిదారు అనాలంటే వృత్తికి ఆధారం ఏదో ఒకటి ఉండాలి కదా. గీత కార్మికుడికి కనీసం చేతిలో కత్తి, పైన చెట్టు ఉన్నాయి. పాలేరుకు ఏమున్నాయి? స్వతంత్ర పార్టీ సాహిత్యంలో నాకు ఇందుకు తృప్తికరమైన సమాధానం కనబడదు. వాళ్ళు దుర్మార్గులై కాదు. వాళ్ళ ఆలోచనంతా ప్రభుత్వానికీ రైతుకూ మధ్య నడిచింది, రైతుకూ కూలికీ మధ్య ఏం జరుగుతోందో ఆ చట్రంలో ఇమడలేదు.

1971లో ఇందిరాగాంధీ గాలి వీచింది. శ్రీకాకుళంలో రంగా ఓడిపోయారు, కాంగ్రెస్ అభ్యర్థి బొడ్డేపల్లి రాజగోపాలరావు గెలిచారు. లోక్‌సభలో స్వతంత్ర పార్టీ 44 నుంచి 8కి పడింది. గురుశిష్యుల దారులు ఇక్కడ విడిపోయాయి. రంగా కాంగ్రెస్‌లోకి తిరిగి వెళ్ళి, తర్వాత గుంటూరు నుంచి ఆ పార్టీ తరఫునే లోక్‌సభకు ఎన్నికయ్యారు. లచ్చన్న జై ఆంధ్ర ఉద్యమంలో ముందు నిలిచారు, ఎమర్జెన్సీని ఎదిరించారు. 1974లో స్వతంత్ర పార్టీ చరణ్‌సింగ్ భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది, అది జనతాలో కలిసింది. 1978లో 60 స్థానాలు గెలిచిన జనతా పక్షానికి నాయకుడిగా లచ్చన్న ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ప్రతిపక్ష నేత అయ్యారు. 2006 ఏప్రిల్‌లో కన్నుమూశారు. తోటపల్లి బ్యారేజికి ఆయన పేరు పెట్టారు. ప్రభుత్వ ఆనకట్టకు స్వతంత్ర పార్టీ నాయకుడి పేరు అనుకుంటే చిన్న నవ్వు వస్తుంది గానీ, సాగునీటి విషయంలో ఆయనకు ఏనాడూ ఉదారవాద నిష్ఠ అడ్డు రాలేదు.

లైసెన్సుల రాజ్యాన్ని కూల్చింది చివరికి స్వతంత్ర పార్టీ వారసులు కాదు. 1991లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం, అంటే కాంగ్రెస్‌లోని ఒక వర్గం. ముఖ్యమంత్రిగా 1972లో భూసంస్కరణలకు పూనుకుని కోస్తా, రాయలసీమ భూస్వాముల కోపానికి గురైన పి.వి.యే ఆ పని చేశారు. ఫ్రాన్సులోలాగే ఇక్కడా ఆ ధోరణి పెద్ద పక్షం కడుపులోంచే పని సాధించుకుంది. కానీ సాధించుకున్నది మసానీ వాటా. రంగా వాటా ఏమైందన్నది వేరే లెక్క. 2010 జులై 14న సోంపేట బీల ప్రాంతంలో ప్రైవేటు థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇచ్చిన భూమి విషయమై పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. బీల చిత్తడి నేల మీద బతికే రైతులూ మత్స్యకారులూ అడ్డం పడ్డారు. ఆ రోజే పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని కొట్టేసింది. అక్కడ గెలవాల్సింది ప్రైవేటు పెట్టుబడి స్వేచ్ఛా, రైతు జీవనాధార హక్కా? 1959 నాటి సూత్రాలు రెంటినీ సమర్థించాయి. రెండూ ఒకే నేల మీద ఢీకొంటాయని అప్పట్లో ఎవరికీ తట్టినట్టు లేదు.

ఇవాళ ఆ తగవు జీడిపప్పు రూపంలో నడుస్తోంది. పలాస–కాశీబుగ్గ జంట పట్టణాల్లో జీడి పరిశ్రమ ప్రభుత్వ ప్రణాళికతో వచ్చింది కాదు. స్థానిక వర్తకులు, చిన్న పెట్టుబడులు, పిక్క కాల్చి, కొట్టి, పొట్టు తీసే వేలాది మహిళల చేతులు దాన్ని కట్టాయి. స్వేచ్ఛా వ్యాపారానికి ఈ జిల్లాలో ఇంతకు మించిన నిదర్శనం లేదు. ఆ వ్యాపారులు ఆఫ్రికా దేశాల నుంచి పిక్కలు దిగుమతి చేసుకుంటారు. ఏడాది పొడవునా బట్టీలు నడవాలంటే ఉద్దానం పంట ఒక్కటీ చాలదు. ఆ దిగుమతుల వల్లే తమ పిక్కకు ధర పడిపోతోందని ఉద్దానం రైతుల వాదన. తిత్లీ తుపానులో తోటలు కూలిన తర్వాత మళ్ళీ నాటుకున్నవాళ్ళు వాళ్ళు. 80 కిలోల బస్తాకు 16,000 రూపాయల మద్దతు ధర ప్రకటించాలనీ, ప్రభుత్వమే కొనాలనీ రైతు సంఘాలు పలాసలో ధర్నాలు చేశాయి. అంత ధరకు కొంటే తమ పప్పు బయటి మార్కెట్లో నిలవదని వ్యాపారులు అంటారు. ఆ ధర్నాల్లో ముందు నడిచినవి ఎక్కువగా ఎర్రజెండా సంఘాలు. వాళ్ళ కోరికల పత్రంలోని మొదటి మాట, గిట్టుబాటు ధర, రంగాగారిదే.